ఐదుంబావుకు ఆగిపోయే పెట్టె

బడిలో నా చేతి కింద ఉన్నవి తాళాల గుత్తి, గంట, మెయిన్ స్విచ్. పాఠం చెప్పేవాళ్లు పాఠం చెప్పారు. నేను పొద్దున బడి తెరిచాను, సాయంత్రం మూశాను. ఇరవై ఏళ్లకు పైగా చేశాను ఆ పని. ఒక్కరోజు కూడా తాళం మరిచి ఇంటికి పోలేదు. ఈ మాట గొప్పకే చెబుతున్నాను. తర్వాత చెప్పబోయే తప్పు కూడా ఈ గొప్పలో నుంచే పుట్టింది కాబట్టి ముందు గొప్ప వినండి.

నాకు సంతకం వస్తుంది, అంకెలు వస్తాయి. గడియారం అందరికంటే బాగా వస్తుంది, గంట కొట్టేది నేనే కదా. బస్సు బోర్డు మీద పుత్తూరు ఏదో చిత్తూరు ఏదో పోల్చుకుంటాను. అంతకు మించి అక్షరం నన్ను అడగొద్దు. నేను చెబుతుంటే ఒకరు రాసి పెడుతున్నారు. బళ్లలో కొత్తగా చేరే ఆయాలు, వాచ్‌మన్లు, కంప్యూటర్ పంతులమ్మలు చదువుతారనే చెబుతున్నాను.

కార్వేటినగరం దాటి లోపలికి పోతే వస్తుంది మా ఊరు. మా ఆయన అక్కడి హైస్కూల్లో వాచ్‌మన్. ఆయన పోయాక ఆ ఉద్యోగానికి బదులుగా నన్ను అదే బడిలో ఆయాగా వేశారు. మొగుడు పోయిన మనిషి, మూల కూర్చుని ఏడుస్తుంది గానీ పనేం చేస్తుందని ఊళ్లో అనుకున్నారు. రెండో వారానికే పిల్లలు నా గొంతు వింటే వరసలో నిలబడేవాళ్లు.

చేరిన రెండో ఏడు, వానాకాలంలో రికార్డుల గదిలో కరెంటు తీగ కాలింది. ఆ రోజు ఆదివారం, బడిలో ఎవరూ లేరు. సోమవారం పొద్దున నేను తలుపు తీస్తే బీరువా నల్లగా ఉంది. అడ్మిషన్ రిజిస్టర్లు పట్టుకుంటే అప్పడాల్లాగా పొడి అయిపోతున్నాయి. విచారణకు వచ్చినవాళ్లు మొదట ఏమడిగారో తెలుసా? తీగ వేసింది ఎవరని కాదు, తాళాలు ఎవరి దగ్గర ఉన్నాయని. ఆ తర్వాత చాలా ఏళ్లపాటు పెద్దపెద్ద మగవాళ్లు పుట్టిన తేదీ కాగితం కోసం వచ్చి, లేదని తెలిసి, ఆఫీసు గది ముందు అట్లాగే నిలబడిపోయేవాళ్లు. వాళ్లకు మంచినీళ్లు ఇచ్చింది నేనే.

అప్పటి హెడ్మాస్టర్ నన్ను పిలిచి, ఇకమీదట తాళం వేసే ముందు మెయిన్ ఆపాల్సిందే, ఎవరు వద్దన్నా వినొద్దు అన్నాడు. ఆయన బదిలీ మీద పోయాడు. ఇంకో నలుగురు వచ్చి పోయారు. ఆయన మాట మాత్రం నా చేతిలో ఉండిపోయింది. అందరూ పోయాక, సాయంత్రం ఐదుంబావుకు మెయిన్ కిందికి, తర్వాత గేటుకు తాళం. పొద్దున ఎనిమిదిన్నరకు మెయిన్ పైకి, తర్వాత చీపురు.

అట్లా నడుస్తున్న బడికి నెట్ వచ్చింది. కంప్యూటర్ గదిలో గోడకు ఒక పెట్టె బిగించారు. చిత్తూరు ఆఫీసు నుంచి పాఠాలు, పరీక్షలు తీగ గుండా వచ్చి ఆ పెట్టెలో పడతాయి. పిల్లల ట్యాబులు దాని దగ్గరికి తెస్తే వాటిలోకి దిగుతాయి. చుట్టుపక్కల చిన్న బళ్లన్నిటికీ మాదే పెద్ద బడి. శనివారమైతే ఆ బళ్ల టీచర్లు ట్యాబులు సంచుల్లో వేసుకుని వచ్చి, రేషన్ షాపు ముందు నిలబడినట్టు నిలబడి నింపుకుని పోయేవాళ్లు.

ఆ పెట్టెకు ఒక పాస్‌వర్డ్. అది టీచర్లకు తెలిస్తే పాఠాలకు పోవాల్సిన నెట్ అంతా వాళ్ల ఫోన్లు తాగేస్తాయని హెడ్మాస్టర్ భయం. ఈయన మంచివాడే, కాకపోతే పై ఆఫీసరు వస్తే ఈయన గొంతు జేబులోకి పోతుంది. బాగా ఆలోచించి, చదవడం రానిదాని చేతిలో పెడితే ఎవరూ లాగలేరని పాస్‌వర్డు నాకప్పగించాడు. కంప్యూటర్ టీచరమ్మ నాకు ఒక పూటలో నేర్పింది. అక్షరాలతో నాకేం పని? ఫోను మీద వేలు ఎక్కడ మొదలుపెట్టాలి, ఎటు పోవాలి, ఎక్కడ రెండుసార్లు నొక్కాలి, అంతే. చుక్కల ముగ్గు వేసిన చేయికి అదొక లెక్క కాదు. చిన్న బళ్ల టీచర్లు వస్తే వాళ్ల ట్యాబు కొంగు చాటుకు తీసుకుని ముగ్గు వేసి ఇచ్చేదాన్ని.

దాంతో మా టీచర్లందరికీ నేనంటే కొత్తగా గౌరవం వచ్చింది. లెక్కల సారు కూతురి పెళ్లిచూపుల ఫోటోలు రావడం లేదన్నాడు. ఒక మేడమ్ మధ్యాహ్నం సీరియల్ సగంలో ఆగిపోతోందని దిగులు పడింది. డ్రిల్లు సారుకు క్రికెట్టు. ఒక్కరికే కదా అని ఒక్కొక్కరికీ వేసి ఇచ్చాను. ఎవరికీ పాస్‌వర్డ్ చెప్పలేదు, ఆ మాట మీద నిలబడ్డాను. ఫోన్లలోకి మాత్రం ఎక్కించాను.

కంప్యూటర్ టీచరమ్మ గురించి చెప్పాలి. పుత్తూరు వైపు నుంచి రోజూ బస్సులో వచ్చే చిన్నపిల్ల. కాంట్రాక్టు ఉద్యోగం. ఏడాదికోసారి పై నుంచి సంతకం పడితేనే తర్వాతి ఏడు ఉంటుంది, లేకపోతే లేదు. ఇంట్లో నాయన మగ్గం ఆగిపోయి చాలా కాలమైంది. ఆ ఇంటికి ఈ పిల్లే దిక్కు. నన్ను పెద్దమ్మా అని పిలిచేది. మధ్యాహ్నం ఇద్దరం ఒకే చోట తినేవాళ్లం. ఆమె చారన్నం నాకు, నా సంకటి ఆమెకు.

పెట్టె వచ్చిన కొన్నాళ్లకు శనివారం వచ్చే టీచర్లు సణగడం మొదలుపెట్టారు. పోయిన వారం పాఠమే మళ్లీ వచ్చిందని, కొత్తవి లేవని. టీచరమ్మ చిత్తూరుకు ఫోను చేస్తే, మేము పంపుతున్నాం, మీ పెట్టే పనిచేయడం లేదు అన్నారు. ఆమె వెలుగుతున్న పెట్టెకు ఫోటో తీసి పంపింది. ఆమె వచ్చేసరికి పెట్టె వెలుగుతూ ఉండేది, నాలుగున్నర బస్సుకు పోయేటప్పుడూ వెలుగుతూ ఉండేది. ఆమె చెప్పింది నిజం. వాళ్లు చెప్పింది కూడా నిజం. మధ్యలో నేనున్నాను. పగలు లైను మీద రద్దీ అని పాఠాలన్నీ సాయంత్రం ఆరు దాటాక పంపుతారట. ఆ సంగతి నాకెవరు చెప్పారు? నేనెవరినైనా అడిగితే కదా.

చివరికి ఒక సోమవారం ఆమె పేరు మీద మెమో వచ్చింది. పెట్టె రోజూ సాయంత్రం ఐదుంబావుకు ఆగిపోతోంది, పొద్దున ఎనిమిదిన్నరకు వెలుగుతోంది, ఎవరో కావాలనే ఆపుతున్నారు, సంజాయిషీ ఇవ్వాలి, లేకపోతే వచ్చే ఏడు కాంట్రాక్టు ఉండదు. నేను గది ఊడుస్తుంటే ఆమె ఆ కాగితం గట్టిగా చదివి వినిపించింది. గడియారం బాగా వస్తుందని చెప్పాను కదా. ఐదుంబావు అనగానే నా చేతిలో చీపురు ఆగింది.

ఆమె అడిగింది. "పెద్దమ్మా, సాయంత్రం పూట కరెంటు ఏమన్నా పోతా ఉండాదా?"

"పోతాది లే అమ్మణ్ణీ, పల్లె కరెంటు గదా" అన్నాను.

ఎందుకు అన్నానో చెబుతాను. తాళాలు ఎవరి దగ్గరున్నాయి అనే ఆ పాత ప్రశ్న చెవిలో మోగింది. రిటైర్ కావడానికి కొద్ది నెలలు ఉంది. అప్పుడు నా మీద మరక పడితే పింఛను కాగితం ఏమవుతుందో అని భయం. తీరా చూస్తే ఆ పిల్ల నా మాట నమ్మి, కరెంటు కోత వల్లనే అని రాసి సంతకం పెట్టి పంపింది.

ఆ శుక్రవారం పరీక్ష. మా బడి పిల్లలూ చుట్టుపక్కల బళ్ల పిల్లలూ అందరూ మా దగ్గరికే వచ్చి ట్యాబుల మీద రాయాలి. ప్రశ్నలు గురువారం సాయంత్రం పెట్టెలోకి దిగుతాయి. గురువారం నేను మెయిన్ ఆపలేదు. నిర్ణయించుకున్నాను, ఈ ఒక్క రోజు ఆపను, పెట్టె పనిచేస్తే అంతా సర్దుకుంటుంది, ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు అని. తాళం వేసి ఇంటి దారిలో బస్టాపు దాకా నడిచాను. అక్కడ నిలబడితే ముక్కుకు కాలిన కాగితం వాసన తగిలింది. ఎక్కడా ఏమీ కాలడం లేదు, నాకు తెలుసు. అయినా తగిలింది. మామిడి తోట దాటేదాకా ఒక అడుగు ముందుకు, ఒక అడుగు వెనక్కి. చివరికి తిరిగి వచ్చి, గేటు తీసి, మెయిన్ ఆపి, మళ్లీ తాళం వేసి పోయాను.

శుక్రవారం తొమ్మిదిన్నరకల్లా వరండా అంతా పిల్లలు. ఒక్కొక్కరి ఒళ్లో ఒక ట్యాబు, ప్రతి ట్యాబులోనూ ఒక గుండ్రం తిరుగుతోంది. తిరుగుతూనే ఉంది. అదే సమయానికి చిత్తూరు నుంచి పెద్ద ఆఫీసరు జీపు దిగాడు. ఎండకు వచ్చాడని నేను ఆఫీసు గదిలోకి టీ తీసుకుని పోయాను. హెడ్మాస్టర్ నిలబడి ఉన్నాడు, గొంతు జేబులో ఉంది. టీచరమ్మ గోడ పక్కన నిలబడి ఉంది. ఆఫీసరు చేతిలో కాగితం.

"కరెంటు పోయిందని రాసిచ్చినావు. సబ్‌స్టేషన్‌లో అడిగినాము. మీ ఊర్లో సాయంత్రం కరెంటు పోనేలేదంట. నిన్న కూడా ఆపినారు, కాకపోతే నిన్న ఆరుంబావుకు. ఎవురు ఆపుతా ఉండారో చెప్పు. లేదంటే నువ్వే ఆపుతా ఉండావని రాసుకుంటా."

టీచరమ్మ నేల చూసింది. ఆయమ్మ చెప్పింది సార్ అని ఒక్క మాట అని ఉంటే ఆమె బయటపడేది. అనలేదు. నా వైపు కన్నెత్తి చూడనైనా లేదు. బయట పిల్లలు గుండ్రం ఆగలేదని కేకలు వేస్తున్నారు. నా చేతిలో పళ్లెం, పళ్లెంలో టీ. టీ మీద మీగడ కట్టేదాకా నిలబడ్డాను. అది నేను దాచను.

తర్వాత పళ్లెం బల్ల మీద పెట్టాను. "సార్, ఆపతా ఉండేది నేను. పెట్టె మీద పగతో గాదు. తాళమేసే ముందర మెయిన్ ఆపతాను, పెట్టె గూడా దాంతో ఆగిపోతాది. కరెంటు పోతా ఉండాదని ఈ యమ్మకు అబద్ధం చెప్పింది గూడా నేనే. మెమో ఇస్తే నాకియ్యండి."

ఆఫీసరు నన్ను పైనుంచి కిందికి చూశాడు. మెయిన్ ఆపమని ఎవరు చెప్పారని అడిగాడు. రికార్డుల గది కాలిన సంగతి చెప్పాను. రాతలో ఉందా అన్నాడు. రాతలో ఉన్నవే కాలిపోయాయి సార్, ఇది నోటి మాట అన్నాను. మరి నిన్న గంట ఆలస్యం ఎందుకైందని అడిగాడు. ఊడ్చే పని ఎక్కువైంది అన్నాను. ఆయన కాగితం మడిచి పక్కన పెట్టాడు. తర్వాత చల్లారిన టీ తాగాడు. ఆ టీ తాగినందుకు ఆయనంటే నాకు ఇప్పటికీ మర్యాద.

కానీ పరీక్ష? టీచరమ్మ అప్పటికే కంప్యూటర్ ముందుకు పరిగెత్తింది. చిత్తూరులో ఉన్నవాళ్లు ఇప్పుడే మళ్లీ పంపుతామన్నారు, పంపారు, అది చీమలాగా వస్తోంది. ఈ లెక్కన సాయంత్రం అవుతుందని ఆమె అంది. ట్యాబులన్నీ ఆపించినా కదల్లేదు. తెర మీద చూసి, ట్యాబులు కాకుండా ఇంకో ఇరవై రెండు ఏవో ఈ నెట్ తాగుతున్నాయి సార్ అంది. వరండాలో నిలబడ్డ టీచర్లందరూ ఒక్కసారిగా పిల్లల మీద శ్రద్ధ చూపించడం మొదలుపెట్టారు.

ఆ ఇరవై రెండూ ఎవరివో నాకు తెలుసు. ఒక్కొక్కటీ నా వేలితో ఎక్కించినదే. తప్పు ఒప్పుకున్న మనిషికి ఒక సుఖం ఉంది, ఇంక భయపడటానికి ఏమీ మిగలదు. వంటగదిలోకి పోయి కోడిగుడ్ల అట్ట ఖాళీది ఒకటి తెచ్చాను. లెక్కల సారు ముందు నిలబడి పట్టాను.

"ఏంది ఆయమ్మా ఇది?" అన్నాడు.

"ఫోను పెట్టండి సార్. కూతురు పెండ్లి కుదిరిపాయ గదా, ఇంకా ఫోటోలెందుకు?"

పక్కనున్న వాళ్లు నవ్వారు, ఆ నవ్వు ముగిసే లోపల వాళ్ల ముందుకూ అట్ట వచ్చింది. సీరియల్ మేడమ్ తనే తీసి పెట్టేసింది. డ్రిల్లు సారు నాది వాడటం లేదన్నాడు. జేబులోనుంచి క్రికెట్టు వాడు అరుస్తూనే ఉన్నాడు. గుడ్లు పెట్టే గుంటల మధ్య ఫోన్లు నిలబెట్టుకుంటూ బడి అంతా తిరిగాను. లెక్క పెట్టాను. ఇరవై ఒకటి. ఇంకొకటి తక్కువ.

అట్ట తీసుకుని ఆఫీసు గదిలోకి పోయాను. పొద్దున పెద్ద ఆఫీసరు జీపు దిగిన వెంటనే ఆయన ఫోనుకు కూడా నెట్ ఎక్కించమని హెడ్మాస్టర్ నాకు సైగ చేశాడు. నేనే ఎక్కించాను. ఇప్పుడు హెడ్మాస్టర్ నన్ను చూసి తల అడ్డంగా ఊపుతున్నాడు, వద్దు వద్దు అని.

"మీది గూడా సార్" అన్నాను.

ఆయన ఫోను తీసి చూసుకున్నాడు. నవ్వలేదు. ఆపేసి అట్టలో పెట్టాడు. జీపు దగ్గర డ్రైవర్ ఉండాడు, వాని దగ్గర గూడా అడుగు అన్నాడు. అడిగాను. అతను ఎక్కించుకోలేదు, పాపం, నిజంగానే.

పరీక్ష పన్నెండు లోపల పెట్టెలోకి దిగింది. పిల్లలకు ముందు అన్నం పెట్టించాను. ఒంటిగంటకు గంట కొట్టాను. ఆ గంట నేను కొట్టిన గంటలన్నిటిలోకి గట్టిది. వరండాలో ఒక్క పిల్ల మాట్లాడలేదు, వేళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. టీచరమ్మ ట్యాబుల మధ్య తిరుగుతూ ఒకసారి నా దగ్గరికి వచ్చి, నీళ్లు ఉన్నాయా పెద్దమ్మా అంది. ఇచ్చాను. తాగి పోయింది.

ఆమె మెమో రద్దయింది. నాది వచ్చింది. చదివి వినిపించారు, సంతకం చక్కగా పెట్టాను. నా పేరు మీద ప్రభుత్వం టైపు చేయించిన కాగితాలు రెండే ఉన్నాయి, చేరిన కాగితం, ఈ మెమో. రెండూ ఒకే ట్రంకు పెట్టెలో ఉన్నాయి. పింఛనుకు ఏమీ కాలేదు. నాలుగు రోజులు భయపడింది ఊరికే అన్నమాట.

వారం లోపల కరెంటు మనిషి వచ్చి పెట్టె ఒక్కదానికి విడిగా తీగ లాగాడు, దానికి చిన్న ఫ్యూజు, చిన్న స్విచ్. మెయిన్ ఆపినా అది ఆగదు. కాలితే అదొక్కటే కాలుతుంది. నేను అడిగి మరీ రెండుసార్లు చూపించుకున్నాను.

అంతటితో అయిపోలేదు. ఆఫీసరు దగ్గర కాగితంలో, సాయంత్రం ఆగిపోయే పెట్టె మాదొక్కటే కాదట, చాలా బళ్లలో ఉన్నాయట. అన్ని చోట్లా నాలాంటి ఆయానో వాచ్‌మనో ఉంటారు కదా, అందరికీ ఎవరో ఒక హెడ్మాస్టర్ ఎప్పుడో చెప్పి ఉంటాడు. టీచర్ల చేత చెప్పిస్తే తలూపి మళ్లీ ఆపేస్తారు, నువ్వు పోయి చెప్పిరా అని ఆఫీసరు నన్ను పంపించాడు. రిటైర్ అయ్యే లోపల ఆ కొద్ది నెలలూ వారానికి రెండు రోజులు బస్సుల్లో తిరిగాను. ఆ బళ్లలో నాకు కుర్చీ వేశారు. జీవితంలో బడి లోపల కుర్చీలో కూర్చున్నది అప్పుడే.

కాణిపాకం వైపు ఒక బడిలో ముసలి వాచ్‌మన్ మాత్రం నన్ను కూర్చోనివ్వలేదు. "ఏమ్మే, ఇంజినీరమ్మవా నువ్వు? ఆపకుంటే కాలిపోతే ఎవురొచ్చి ఆర్పుతారు?"

"ఇంజినీరు గాదన్నా. మెమో తీసుకున్న ఆయాని" అన్నాను. "మెయిన్ ఆపొద్దని నేను జెప్పలా. ఆపు. ఈ తీగె ఒకటి విడిగా లాగిచ్చుకో, దాన్ని మాత్రం ఇడిసిపెట్టు. లాగేదాకా ఆపుకో, కానీ ఆపతా ఉండానని టీచరుకు జెప్పు. నేను జెప్పలా, దాంతోనే వచ్చింది కత అంతా."

ఆయన చాలాసేపు ఆలోచించి, మెమో తెచ్చినావా చూపించు అన్నాడు. చూపించాను. ఆయనకూ చదవడం రాదు. ముద్ర చూసి నమ్మాడు.

బళ్లలో పనికి కొత్తగా చేరేవాళ్లకు చెప్పాలనుకున్నది ఇదే. మీరు రోజూ చేసే పని ఇంకొకరి పనిని ఎక్కడ తాకుతోందో అడిగి తెలుసుకోండి. అడగడానికి చదువు అక్కర్లేదు. నేను అడగలేదు, ఎందుకంటే తాళం విషయంలో నాకు ఎవరూ చెప్పక్కర్లేదని అనుకున్నాను.

ఇది రాసి పెడుతున్నది ఆ కంప్యూటర్ టీచరమ్మే. ఇప్పుడు వేరే బడిలో ఉంది, సెలవని వచ్చింది. గురువారం నేను వెనక్కి వచ్చి మెయిన్ ఆపిన సంగతి ఇంతకాలం ఎవరికీ చెప్పలేదు. ఊడ్చే పని అని ఆఫీసరుకు చెప్పింది రెండో అబద్ధం. అది చెబుతుంటే ఆమె కలం ఆగుతుందని అనుకున్నాను. ఆగలేదు. గబగబా రాసుకుంటూ పోయింది. అందుకే ఇప్పుడు అడిగాను, నీకు కోపం రాలేదా అని.

"ఆ పొద్దు నాలుగున్నర బస్సు రాలేదు పెద్దమ్మా. తోట గట్టు మీద నీడకు కూర్చోనుంటిని. నువ్వు వెనక్కి పొయ్యేది సూస్తిని. ఎందుకు పోయినావో తెల్లారి ఆయన ఆరుంబావు అనేదాకా తెలీలేదు."

మరి ఆఫీసు గదిలో ఎందుకు చెప్పలేదన్నాను. ఆమె కాగితం మీద నుంచి తల ఎత్తలేదు.

"నువ్వే చెప్తావేమోనని సూస్తా ఉంటిని" అంది. "టీ మీద మీగడ నాకు గూడా కనిపించింది."

అది కూడా రాయి అన్నాను. రాసింది.